పొగ దాచిన పొయ్యి

జమైకా దీవి ఈశాన్య తీరంలో బోస్టన్ బే అనే చిన్న ఊరుంది. పోర్ట్ ఆంటోనియో పట్టణం నుంచి తూర్పుగా, సముద్రాన్ని ఆనుకుని సాగే రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల లోపే వస్తుంది. అక్కడ తిండికి వెళ్లేవాళ్లు ముందుగా బల్ల బుక్ చేసుకునే పని లేదు, మెనూ తిరగేసే పనీ లేదు. రోడ్డు పక్కన రేకుల పందిరి ఉంటుంది. దాని కింద పొడవాటి నిప్పుల గుంట, గుంట మీద అడ్డంగా పేర్చిన పచ్చి కర్రలు, కర్రల మీద మసాలా పట్టించిన పంది మాంసం, చీల్చిన కోళ్లు, వాటి మీద వేడి పోకుండా కప్పిన రేకు ముక్కలు. ఎంత కావాలో తూకం చెప్తే వంటమనిషి రేకు పైకెత్తి ఒక పెద్ద ముక్క లాగుతాడు. దాన్ని చెక్క మొద్దు మీద వేసి కత్తితో టకటకా కొట్టి కాగితంలో చుట్టి చేతికిస్తాడు. పక్కనే కాల్చిన సీమపనస ముక్క, మొక్కజొన్న పిండితో చేసిన తియ్యటి వేపుడు రొట్టె. దాన్ని అక్కడ ‘ఫెస్టివల్’ అంటారు. చెక్క బల్ల దొరికితే కూర్చోవచ్చు, లేకపోతే నిలబడే తినొచ్చు. అలల చప్పుడు ఎటూ వినిపిస్తూనే ఉంటుంది.

ఈ వంట పేరు జెర్క్. బాబ్ మార్లే పాటలు, ఉసేన్ బోల్ట్ పరుగు, కోర్ట్నీ వాల్ష్ బౌలింగు, క్రిస్ గేల్ సిక్సర్ల ద్వారా జమైకాను ఎరిగిన తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కావచ్చు. అమెరికా, బ్రిటన్, కెనడాల్లో ఉంటున్నవాళ్లకు మాత్రం సూపర్‌మార్కెట్ అరల్లో జెర్క్ మసాలా సీసాలు కనిపిస్తూనే ఉంటాయి. కరీబియన్ దీవుల్లో సెలవులు గడపడానికి వెళ్లినవాళ్ల ఫొటోల్లో జెర్క్ కోడి లేని సందర్భం తక్కువ. చెప్పులు వదిలేసి, ఇసుకలో కాళ్లు పెట్టుకుని, చేత్తో తినే ఈ తిండి తీరుబడికి గుర్తుగా అమ్ముడవుతోంది. దీన్ని కనిపెట్టినవాళ్లకు తీరుబడి అన్నదే లేదు. నెత్తిన కప్పు లేక, ప్రాణభయంతో అడవుల్లో తిరిగిన మనుషులు వాళ్లు. ఆ చరిత్ర తెలిస్తే ఈ తిండి రుచి తగ్గదు, దాని విలువ పెరుగుతుంది.

కథ దీవి ఆదివాసులైన టైనోల దగ్గర మొదలవుతుంది. 1494లో కొలంబస్ ఓడలు జమైకా తీరానికి వచ్చేనాటికి దీవి నిండా వాళ్ల ఊళ్లే. కర్రపెండలం దుంపను తురిమి, విషపు రసాన్ని పిండేసి రొట్టెలు కాల్చుకునేవారు. పచ్చి కర్రలతో నేలకు ఎత్తుగా తడక కట్టి, దాని మీద చేపల్ని, మాంసాన్ని పరిచి, కింద సన్నటి సెగ పెట్టి నిదానంగా కాల్చేవారు. స్పానిష్ పాలన మొదలయ్యాక కొన్ని దశాబ్దాల్లోనే టైనోల జనాభా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. రోగాలు, వెట్టిచాకిరీ, హింస కలిసి చేసిన పని అది. వాళ్ల తడక మాత్రం మిగిలింది. కర్రపెండలం రొట్టెను కూడా ‘బామీ’ పేరుతో నేటికీ జమైకా తీరంలో వేయించిన చేప పక్కన వడ్డిస్తున్నారు.

స్పెయిన్‌వాళ్లు తెచ్చిన వాటిలో పంది ఒకటి. జమైకాలో బంగారం దొరక్కపోయేసరికి, అటుగా పోయే ఓడలకు తిండి సరఫరా చేసే మజిలీగా దీవిని వాడుకున్నారు. పందుల్ని అడవుల్లోకి వదిలారు. అవి కొండల్లో అడ్డూ ఆపూ లేకుండా పెరిగాయి. 1655లో ఇంగ్లిషు సేన దిగింది. స్పెయిన్‌వాళ్లు ఓడిపోతూ ఉండగా వాళ్ల దగ్గరున్న ఆఫ్రికన్ బానిసల్లో చాలామంది కొండలెక్కి స్వతంత్రులయ్యారు. ఆ తర్వాత ఇంగ్లిషువాళ్ల చెరకు తోటల నుంచి పారిపోయినవాళ్లు వచ్చి వాళ్లతో కలిశారు. వీళ్లే మరూన్లు. తూర్పున 2,256 మీటర్ల ఎత్తు దాకా లేచిన బ్లూ మౌంటెన్స్, పడమటి వైపు సున్నపురాతి గుంటలతో నిండిన కాక్‌పిట్ కంట్రీ వాళ్లకు కోటలయ్యాయి. అడవి పందులు ఆహారమయ్యాయి.

వేటాడిన మాంసాన్ని రోజుల తరబడి నిలవ ఉంచుకోవాలి. ఉన్నచోట ఎక్కువ రోజులు ఉండే వీలు లేదు. మంట పెడితే పొగ లేస్తుంది, పొగ లేస్తే కింద వెతుకుతున్న సైనికులకు దారి తెలుస్తుంది. అందుకే నేలలో గుంట తవ్వి, మాంసాన్ని ఆకుల్లో చుట్టి, పైన కప్పేసి, పొగ బయటపడకుండా వండడం నేర్చుకున్నామని మరూన్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఉప్పు, మిరప, చుట్టుపక్కల అడవిలో దొరికే పిమెంటో గింజలు, ఆకులు మాంసానికి రుచీ ఇచ్చేవి, పాడుకాకుండా కాపాడేవి. పిమెంటో అంటే మన మార్కెట్లో ఆల్‌స్పైస్ పేరుతో దొరికే గింజ. జమైకా దాని సొంతగడ్డ. లవంగానికి ఘాటునిచ్చే యూజినాల్ అనే తైలమే ఇందులోనూ ఉంటుంది.

ఈ సంగతులకు రాతపూర్వకమైన సాక్ష్యం తోటల యజమానుల వైపు నుంచే ఎక్కువగా దొరుకుతుంది. 1687లో జమైకా గవర్నరు వెంట వచ్చిన వైద్యుడు హాన్స్ స్లోన్ పదిహేను నెలలు ఇక్కడ గడిపాడు. తర్వాతి కాలంలో ఆయన సేకరించిన వస్తువులతోనే బ్రిటిష్ మ్యూజియం మొదలైంది. 1707లో అచ్చయిన తన పుస్తకంలో అడవి పందుల వేట గురించి రాశాడు. పందిని చీల్చి, ఎముకలు తీసి, లోపలి వైపు చర్మం దాకా గాట్లు పెట్టి, ఉప్పు కూరి ఎండబెట్టేవారని ఆయన వర్ణన. అప్పటికే దానికి జెర్క్ అన్న పేరుంది. పద్ధతి మాత్రం మన ఎండుచేపకు దగ్గర.

వందేళ్లు దాటాక ఇంకో వర్ణన కనిపిస్తుంది. మాథ్యూ గ్రెగరీ లూయిస్ అనే ఇంగ్లిషు నవలాకారుడు జమైకాలో చెరకు తోటలకు, వందల మంది బానిసలకు వారసుడయ్యాడు. 1816లో తన ఆస్తిని చూసుకోవడానికి వచ్చాడు. ఒక రోజు భోజనంలో అసలైన మరూన్ పద్ధతిలో వండిన పందిని వడ్డించారని దినచర్యలో రాసుకున్నాడు. అల్లిన తడక మీద పెట్టి, లోపల మిరపలు, మసాలాలు నింపి, అరటి ఆకుల్లో చుట్టి, కాలిన రాళ్లు నింపిన గుంటలో పూడ్చి ఆవిరి మీద ఉడికించారట. ఒక్క చుక్క రసం కూడా బయటికి పోలేదని మురిసిపోయాడు. తోట యజమానులకు లొంగని మనుషుల వంట, అదే యజమానుల బల్ల మీద గొప్ప విందు అయింది. తర్వాత రెండు శతాబ్దాల్లో ఇదే పెద్ద ఎత్తున మళ్లీ జరగబోతోంది.

ఈ రెండు వర్ణనల మధ్య ఒక యుద్ధం నడిచింది. 1728 ప్రాంతం నుంచి పదేళ్లకు పైగా బ్రిటిష్ సేనలు మరూన్లతో పోరాడి గెలవలేకపోయాయి. తూర్పు కొండల్లో నానీ అనే నాయకురాలు, పడమట కుడ్జో వాళ్లను ముప్పుతిప్పలు పెట్టారు. చివరికి 1739 మార్చి 1న బ్రిటిష్ ప్రభుత్వం కుడ్జోతో ఒప్పందం చేసుకుంది. ఆ పత్రంలో భూమి, స్వేచ్ఛ, వ్యాపారం సంగతులతో పాటు పందుల సంగతీ ఉంది. తెల్లవాళ్ల స్థావరాలకు మూడు మైళ్ల దూరం పాటిస్తే మరూన్లు ఎక్కడైనా వేటాడవచ్చు. రెండు పక్షాల వేటగాళ్లూ అడవిలో ఎదురుపడితే దొరికిన పందుల్ని చెరి సగం పంచుకోవాలి. ఒక సామ్రాజ్యం అడవి మనుషులతో సంధి చేసుకుంటూ పందుల వాటా తేల్చిందంటే, ఆ మాంసం వాళ్ల బతుకులో ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. అదే ఒప్పందంలో బాధపెట్టే షరతు కూడా ఉంది. ఇకపై పారిపోయి వచ్చే బానిసల్ని మరూన్లు పట్టి అప్పగించాలి. జమైకా ఈ రెండింటినీ మోస్తూనే ఉంది. నానీ ఇవాళ జాతీయ వీరుల్లో ఒకరు, 500 డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంటుంది. ఆమె వారసుల ఊరు మూర్ టౌన్ సంస్కృతిని యునెస్కో 2003లోనే గుర్తించింది. ఆ ఊరు ఉన్నదీ, బోస్టన్ బే ఉన్నదీ ఒకే జిల్లాలో. పేరు పోర్ట్‌లాండ్.

అమెరికన్ రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1936లో పడమటి మరూన్ల ఊరు అకాంపాంగ్‌కి వచ్చింది. నల్లజాతి జానపద విజ్ఞానాన్ని లోపలి మనిషిగా రాసిన అరుదైన పరిశోధకురాలు ఆమె. అడవి పంది వేటకు తీసుకెళ్లమని పట్టుబట్టి, మగవాళ్లతో పాటు కొండలెక్కి, చివరికి అక్కడే నిప్పుల మీద కాల్చిన జెర్క్ తిన్నది. 1938లో వచ్చిన ‘టెల్ మై హార్స్’ పుస్తకంలో ఆ వేటకు మంచి చోటు దక్కింది. ఈ వంట ఇంకా పర్యాటకుల దాకా రాని కాలంలో, వేటగాళ్లతో కలిసి తిన్న మనిషి రాసిన రాత కాబట్టి దాని బరువే వేరు.

కొండల కథ ఇది. కింద తోటల్లో తిండి కథ వేరు. బానిసలకు యజమాని ఇచ్చేది ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఉప్పుచేప, కొద్దిగా పిండి. మిగతాది వాళ్లే పండించుకోవాలని కొండవాలులో తలా కొంత నేల చూపించేవారు. 1780లలో వరుస తుపాన్లకు తోడు అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల సరుకు ఓడలు ఆగిపోయి, జమైకాలో వేల మంది బానిసలు ఆకలికి చచ్చిపోయారు. చవకగా కడుపు నింపే చెట్టు కావాలని తోటల యజమానులు పట్టుబడితేనే విలియం బ్లై తాహితీ నుంచి సీమపనస మొక్కలు తెచ్చాడు. మొదటి ప్రయత్నం 1789లో బౌంటీ ఓడ తిరుగుబాటుతో చెడింది. రెండోసారి 1793లో మొక్కలు జమైకా చేరాయి. ఇవాళ జెర్క్ పక్కన నల్లగా కాల్చి ఒలిచి పెట్టే ఆ ముక్కల వెనక ఉన్నది ఆ ఆకలే.

ఆదివారం ఆ బానిసలకు సంత రోజు. తమ పొలంలో మిగిలిన దుంపలు, పళ్లు, కోళ్లు మోసుకుని మైళ్ల కొద్దీ నడిచి వచ్చి ఆడవాళ్లు అమ్మేవారు. 1838 ఆగస్టు 1న పూర్తి స్వేచ్ఛ వచ్చాక తోటలు వదిలేసిన కుటుంబాల్లో చాలా వాటికి ఈ సంత బేరమే బతుకుదెరువు. జమైకా రోడ్డు పక్క తిండికి మరూన్ల పొయ్యి ఒక తల్లివేరైతే ఆదివారం సంత రెండోది. పర్యాటక పుస్తకాల్లో మొదటి దానికి దక్కిన కీర్తి రెండో దానికి దక్కకపోవడం అన్యాయం.

తోటలకు మనుషులు కరువయ్యాక బ్రిటిష్‌వాళ్లు మన దేశం వైపు చూశారు. 1845 మే 10న మొదటి ఒప్పంద కూలీల ఓడ ఓల్డ్ హార్బర్ బే రేవులో ఆగింది. 1917 దాకా దాదాపు 36,000 మంది భారతీయులు జమైకా చేరారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఎక్కిన ఉత్తరాదివారే. తొలి ఏళ్లలో మద్రాసు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. ఆ రేవులో ఓడలెక్కే కూలీల్లో తమిళ జిల్లాల వాళ్లతో పాటు తెలుగు జిల్లాల వాళ్లూ ఉండేవారు. మారిషస్‌లోలా తెలుగు అక్కడ నిలవలేదు. మిగిలింది వంట. పసుపు దట్టంగా వేసిన మేక కూర ఇవాళ జమైకా పెళ్లికీ, చావుకీ, పాటల రాత్రికీ తప్పనిసరి. జెర్క్ అమ్మే చాలా పందిళ్ల కింద ఒక కుండలో అదీ ఉడుకుతుంటుంది. అందులో పిమెంటో గింజలు, స్కాచ్ బానెట్ మిరప కూడా పడతాయి. గుంటూరు సన్నం కారం స్కోవిల్ కొలతలో 35,000 నుంచి 40,000 ఉంటే స్కాచ్ బానెట్‌ది 1,00,000 నుంచి 3,50,000 దాకా ఉంటుంది. ఘాటు తినగలమని ధీమాగా వెళ్లే తెలుగువాళ్లు కూడా అక్కడ కాస్త జాగ్రత్త పడాల్సిందే.

ఇక సెలవులకు వచ్చేవాళ్ల సంగతి. వాళ్లను మొదట తెచ్చింది అరటిపండు. లోరెంజో డౌ బేకర్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్ 1870లో జమైకా అరటి గెలలు కొని న్యూజెర్సీలో లాభానికి అమ్మాడు. వ్యాపారం పెరిగి 1885లో బోస్టన్ ఫ్రూట్ కంపెనీ అయింది. 1899లో అది యునైటెడ్ ఫ్రూట్‌లో కలిసింది. అరటిపండ్లకని వచ్చే ఓడల్లో ప్రయాణికుల్ని ఎక్కించుకుంటే అదీ రాబడే. పోర్ట్ ఆంటోనియోలో టిచ్‌ఫీల్డ్ హోటల్ అలా వెలిసింది. 1891లో రాజధాని కింగ్‌స్టన్‌లో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన పెట్టారు, దానికి ముందే హోటళ్లు కట్టేవాళ్లకు రాయితీల చట్టం చేశారు. ఆ హోటళ్ల భోజనశాలలు చలికాలం గడపడానికి వచ్చిన ధనికుల అలవాట్లకు తగ్గట్టు నడిచేవి. పంది మాంసం కాగితంలో చుట్టి తినడం వాటి పద్ధతి కాదు.

1946లో హాలీవుడ్ నటుడు ఎరల్ ఫ్లిన్ తన పడవలో పోర్ట్ ఆంటోనియో చేరి ఆ ఊరికి మనసిచ్చేశాడు. పక్కనున్న నేవీ ద్వీపం కొన్నాడు. రైతులు అరటి గెలలు దించే వెదురు తెప్పల మీద అతిథుల్ని రియో గ్రాండే నదిలో తిప్పాడు. పేరున్నవాళ్లు రావడం మొదలైంది. ఆ శతాబ్దం మధ్య నాటికి బోస్టన్ బేలో రోడ్డు పక్కన జెర్క్ అమ్మకాలు స్థిరపడ్డాయి. మొదట్లో పంది మాంసమే. కోడి తర్వాత వచ్చింది. చాలా కాలం అది పోర్ట్‌లాండ్ వాళ్ల వంటగానే ఉండిపోయింది, రాజధాని నుంచి కూడా దాని కోసం ఇక్కడికి వచ్చేవారు. 1970లు, 80లలో దీవి అంతా పాకింది. కింగ్‌స్టన్‌లో తవ్వడానికి నేల, నరకడానికి పిమెంటో చెట్టు ఎక్కడివి? ఇనప పీపాను నిలువునా కోసి, బొగ్గులు పోసి, మూత పెట్టి కోడిని కాల్చేశారు. రెడ్ హిల్స్ రోడ్ మీద రాత్రిపూట వరసగా వెలిగే ఆ పీపాల పొయ్యిలు నగరం చేసిన మార్పు. రుచి కాస్త వేరు. పాత పద్ధతికి తక్కువని కొట్టిపారేయడం సరికాదు. దొరికిన దానితో వండడమే ఈ వంటకు పుట్టుక కదా.

అయినా బోస్టన్ బే పద్ధతిలో ఉన్న కష్టం వేరు. కట్టెలు వేరే చోట కాల్చి నిప్పులయ్యాక గుంటలోకి తోస్తారు. పైన పేర్చే పిమెంటో కర్రలు పచ్చివి కాబట్టి గబుక్కున అంటుకోవు, సెగకు తైలం ఊరి మాంసానికి పడుతుంది. ఉల్లికాడలు, థైమ్, అల్లం, మిరప, పిమెంటో నూరిన ముద్దను ముందురోజే గాట్లలోకి పట్టించి ఉంచుతారు. పెద్ద ముక్క కాలడానికి గంటలు పడుతుంది. సీసాలో మసాలా కొనుక్కోవచ్చు, ఈ కర్రను కొనుక్కోవడం కష్టం. ఈ పేరుకు విదేశాల్లో గిరాకీ పెరిగాక 2015లో జమైకా ప్రభుత్వం ‘జమైకా జెర్క్’ను భౌగోళిక గుర్తింపు కింద నమోదు చేసింది. మన బందరు లడ్డూకు, తిరుపతి లడ్డూకు ఉన్న రక్షణ లాంటిదే అది.

దక్షిణ తీరంలో సముద్రపు తిండి వంతు. కింగ్‌స్టన్ జనం ఆదివారాలు హెల్‌షైర్ తీరానికి పోయి వేయించిన చేప, బామీ, ఫెస్టివల్ తినడం పాత అలవాటు. చేప మీద వెనిగర్‌లో ఊరిన ఉల్లి, క్యారెట్, మిరప వేస్తే ‘ఎస్కవిచ్’. స్పెయిన్, పోర్చుగల్ వంటల వారసత్వం అది. ఆ తీరంలో చాలా భాగం ఇప్పుడు లేదు. అలల్ని విరిచే పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 1980లో అలెన్ తుపాను, 1983లో నాచును తిని దిబ్బల్ని శుభ్రంగా ఉంచే ముళ్ల జీవులు రోగంతో కుప్పలుగా చావడం, విపరీతంగా చేపల వేట కలిసి జమైకా దిబ్బల్లో 1970లలో సగం దాకా ఉన్న సజీవ పగడాన్ని 1990ల మొదటికి 5 శాతానికన్నా తక్కువకు తెచ్చాయి. ఇసుక కొట్టుకుపోయింది, చేపల పాకలు సముద్రంలో కలిశాయి. పశ్చిమంగా, పరోటీ ఊరి ఎదుట సముద్రం మధ్యలో ఇసుకతిప్ప మీద 2001లో ఒక జాలరి కర్రలతో కట్టిన పెలికన్ బార్ ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 2004లో ఇవాన్ తుపాను దాన్ని ఎత్తుకుపోయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి మళ్లీ కట్టారు. 2024 జులైలో బెరిల్ తుపాను మళ్లీ కూల్చింది, మళ్లీ లేపారు. 2025 అక్టోబరు 28న అయిదో శ్రేణి తుపాను మెలిస్సా అదే నైరుతి తీరాన్ని తాకి, బ్లాక్ రివర్ పట్టణాన్ని నేలమట్టం చేసినంత పని చేసింది.

తుపాను కన్నా నిదానంగా పనిచేసే ముప్పు ఇంకోటుంది. 1970ల నుంచి జమైకాలో అన్నీ కలిపి ముందే డబ్బు కట్టించుకునే రిసార్టులు పెరిగాయి. 1981లో మాంటెగో బేలో మొదలైన శాండల్స్ వాటిలో ప్రసిద్ధమైనది. లోపల తిండి, తాగుడు, బీచ్ అన్నీ ఉంటాయి కాబట్టి అతిథికి ప్రహరీ దాటే అవసరం పడదు. లోపలి వంటవాడు టోపీ పెట్టుకుని జెర్క్ వడ్డిస్తాడు. బయట పందిరి వేసుకున్న మనిషికి గిరాకీ తగ్గుతుంది. దానికి తోడు 1956 నాటి బీచ్ కంట్రోల్ చట్టం సముద్రపుటంచు హక్కులన్నీ ప్రభుత్వానివేనని, లైసెన్సుల ద్వారానే ఇస్తామని చెప్పింది. సాధారణ జనానికి బీచ్ మీద పుట్టుహక్కు ఏదీ ఆ చట్టంలో లేదు. ఆ చట్టం వచ్చింది వలసపాలనలో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1962లో. చట్టం మాత్రం ఇంకా నిలిచే ఉంది.

బీచ్‌ల మీద జనం హక్కు కోసం 2021లో ఏర్పడిన ఒక ప్రజా ఉద్యమం ఇప్పుడు కోర్టుల్లో పోరాడుతోంది. మామీ బే, లిటిల్ డన్స్ రివర్, బాబ్ మార్లే బీచ్‌లతో పాటు పోర్ట్‌లాండ్‌లో బోస్టన్ బేకి దగ్గరి బ్లూ లగూన్ కూడా ఆ వ్యాజ్యాల్లో ఉంది. వాళ్లు ఆధారపడుతున్నది 1882 నాటి ప్రిస్క్రిప్షన్ చట్టం మీద. చేపల వేటకో, స్నానానికో, వినోదానికో జనం ఒక బీచ్‌ను 20 ఏళ్లు అడ్డులేకుండా వాడుకున్నారని రుజువైతే ఆ హక్కు వాళ్లకే దక్కుతుందని ఆ చట్టం. కాబట్టి ఏ ఏడు ఎక్కడ వల లాగారో, పిల్లలు ఎక్కడ ఈత నేర్చారో, ఆదివారాలు ఎక్కడ గడిపారో ఊరి పెద్దలు గుర్తుచేసుకుని చెప్పే మాటలకు ఇవాళ జమైకాలో న్యాయపరమైన విలువ ఉంది. వాళ్లు గెలవాలి.